ఏ కొండ దిగాలని ఈ బ్రేకులు?

లాప్‌టాప్ సంచీ ఆఫీసుకి మోసుకెళ్ళడానికి పికప్ ట్రక్కు అక్కర్లేదని నాకూ తెలుసు. కానీ టెక్సస్‌లో కొన్నేళ్ళు కాపురం చేసిన మగవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. అమెరికాలో 1977 నుంచీ అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోతున్న ట్రక్కులు ఫోర్డ్ వారి ఎఫ్-సిరీస్. సిగ్నల్ దగ్గర ముందొకటి, వెనకొకటి, పక్కనొకటి, మధ్యలో మన సెడాను. తలెత్తి చూసీ చూసీ మెడ పట్టేసి, చివరికి 2013 ఎఫ్-150 ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాను. ఇంట్లో మాత్రం "పనికొస్తుంది" అని చెప్పాను.

ఆ ఏటి మోడల్ సరైన ఇంజనూ సరంజామా ఉంటే 11,300 పౌండ్ల దాకా లాగుతుందని కంపెనీ లెక్క. అంటే ఐదు టన్నుల పైమాట. నేను దాని వెనక ఇంతవరకూ ఏ ట్రైలరూ కట్టలేదు. తొట్టిలో ఏమేం ఎక్కించావని అడిగితే మాత్రం చెప్పగలను: పెరట్లో తోటకూర మడికి మట్టి బస్తాలు, వినాయక చవితి పందిరికి విగ్రహం, ఒకసారి మా ఆవిడ స్నేహితురాలి వెట్ గ్రైండరు. గ్రైండరు తెచ్చేటప్పుడు తాడుతో నాలుగు వైపులా కట్టి, గంటకి 30 మైళ్ళ వేగంతో, ఊరేగింపు లాగా తీసుకొచ్చాను.

అలాంటి బండికి బ్రేకులు మార్చాల్సి వచ్చింది. డాలస్ నార్త్ టోల్‌వే మీద 70 మైళ్ళ వేగంలో పెడల్ నొక్కితే స్టీరింగు వణికేది. పక్క సీట్లో కాఫీ పట్టుకుని కూర్చున్న మా ఆవిడ, "ఏవండీ, ఇది నా చెయ్యా, మీ బండా?" అంది. "రోటర్లు వంగిపోయాయి" అన్నాను, చాలా తెలిసినవాడి గొంతు పెట్టి.

రోటరంటే చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప పళ్ళెం, మన వైపు డిస్కు అంటారు. దాన్ని రెండు పక్కలనుంచీ నొక్కి పట్టేవి ప్యాడ్లు. తరవాత చదివితే తేలిందేమిటంటే, రోటర్లు నిజంగా వంగడం అరుదు. రేసు కార్ల మనిషి క్యారల్ స్మిత్ ఈ 'వంగిన రోటరు' మాటే పెద్ద అపోహ అని ఒక వ్యాసమే రాశాడు. ప్యాడు పదార్థం రోటరు మీద అక్కడక్కడ ఎక్కువ తక్కువలుగా అతుక్కోవడం, దానివల్ల మందంలో తేడా రావడం, హబ్బు మీద తుప్పు పేరుకుని రోటరు సరిగ్గా కూర్చోకపోవడం, చక్రం నట్లు ఒకటి గట్టిగా ఒకటి వదులుగా బిగించడం, ఇవీ అసలు కారణాలు. ఈ సంగతి మా ఆవిడకి చెప్పలేదు. 'వంగిపోయాయి' అన్న మాటలో ఉన్న గాంభీర్యం 'పదార్థం అతుక్కుంది' అన్నదాంట్లో లేదు. అంట్లగిన్నె సంగతిలా వినబడుతుంది, ఆ పైన ఆవిడ పీచు చేతికిస్తుంది.

ఇంకో మాట. టెక్సస్‌లో సొంత బళ్ళకి ఏటేటా చేసే భద్రతా తనిఖీ 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. మా కౌంటీలో పొగ పరీక్ష మాత్రం ఉంది. తనిఖీ పోయింది గానీ దాని బదులు కట్టే ఏడున్నర డాలర్ల రుసుము పోలేదు. కాబట్టి ఇప్పుడు నా బ్రేకులెలా ఉన్నాయో చూసే నాథుడు నేనొక్కణ్ణే. ఈ వాక్యం విని మా ఆవిడ వెంటనే బీమా కాగితాలు ఎక్కడున్నాయని అడిగింది.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఏ సమస్య వచ్చినా మొదట ఎక్సెల్ షీటు తెరుస్తాను. ప్యాడ్లకొక కాలమ్, రోటర్లకొక కాలమ్ అనుకుని మొదలుపెడితే షీటు అడ్డంగా పెరుగుతూ పోయింది. ప్యాడ్లలో ముఖ్యంగా మూడు జాతులు. ఆర్గానిక్ మెత్తనివి, చప్పుడు చెయ్యవు, తొందరగా అరుగుతాయి. సెమీ మెటాలిక్‌లో సగానికి అటూ ఇటుగా లోహమే ఉంటుంది. వేడికి తట్టుకుంటుంది, బరువు లాగేవాళ్ళకి మంచిది. కాకపోతే నల్లటి పొడి రాలుస్తుంది, చలి పొద్దున్న కీచుమంటుంది. సిరామిక్ నిశ్శబ్దంగా ఉంటుంది, రాలే పొడి తక్కువ, అదీ లేత రంగులో ఉంటుంది కాబట్టి చక్రాల మీద కనబడదు.

చూడగానే నా మనసు సెమీ మెటాలిక్ మీద పడింది. ఎందుకంటే అట్టపెట్టె మీద ట్రక్కు ఒక పడవని కొండమీదికి లాగుతున్న బొమ్మ ఉంది.

"మనం కూడా ఎప్పుడైనా పడవ కొంటే..." అన్నాను.

"మీకు ఈత రాదు" అంది మా ఆవిడ, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

ప్యాడు అంచు మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు అచ్చేసి ఉంటాయి. పట్టు ఎంతో చెప్పే గుర్తులవి: మొదటి అక్షరం మామూలు వేడిలో, రెండోది బాగా కాలినప్పుడు. ఇ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35 దాకా, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జి అంటే 0.45 నుంచి 0.55. మామూలుగా వాడే మంచి ప్యాడ్ల మీద ఎక్కువగా కనబడేది ఎఫ్ ఎఫ్. పదిహేనేళ్ళు నిండి కొత్తగా లెర్నర్ లైసెన్సు తెచ్చుకున్న మా అమ్మాయి షీటులోకి తొంగిచూసి, "నాన్నా, నాకు ఒక్క ఎఫ్ వస్తే స్కూలుకొచ్చి టీచరుతో మాట్లాడావు. దీనికి రెండొస్తే డబ్బిచ్చి కొంటున్నావా?" అంది. ఎఫ్ ఇక్కడ ఫెయిలు కాదమ్మా అని చెప్పబోయాను. అప్పటికే ఆ ముక్కని తన ప్రోగ్రెస్ రిపోర్టుకి వాడుకోవచ్చని కనిపెట్టేసినట్టుంది, నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

పెట్టెల మీద మూడు ఆకుల గుర్తు కూడా ఉంటుంది. "ఇదేంటి, శాకాహారమా?" అని మా ఆవిడ అడిగింది. నిజానికి ప్రశ్న మరీ దూరంగా ఏమీ లేదు, అది చేపల కోసం పెట్టిన గుర్తే. బ్రేకు వేసినప్పుడల్లా రాలే పొడిలోని రాగి వానకి కొట్టుకుపోయి ఏరుల్లో చేరుతోందనీ, సాల్మన్ చేపలకి చేటనీ 2010లో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. కాలిఫోర్నియా లెక్క ప్రకారం 2021 కల్లా ప్యాడులో రాగి 5 శాతం, 2025 కల్లా అర శాతం దాటకూడదు. మూడు ఆకులూ ఉంటే అర శాతం లోపేనన్నమాట. ఇది మాత్రం ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. చేపల పులుసు తినే కుటుంబం మాది.

రోటర్ల దగ్గరికొచ్చేసరికి నాలో ఉన్న పదహారేళ్ళ కుర్రాడు బయటపడ్డాడు. చిల్లులు పొడిచిన రోటర్లుంటాయి, గాట్లు పెట్టినవుంటాయి, రెండూ ఉన్నవుంటాయి. అల్లాయ్ చక్రాల సందుల్లోంచి అవి తళతళమంటుంటే వెనక బండివాడు నా గురించి ఏమనుకుంటాడో ఊహించుకుని కార్ట్‌లో వేసేశాను. ప్యాడ్లని పట్టి నొక్కే కాలిపర్లకి వేసే ఎర్ర రంగు డబ్బా కూడా వేశాను.

"ఎందుకండీ చిల్లులు?" అంది ఆవిడ.

"వేడి పోవడానికి" అన్నాను. ఇక్కడ నాకు ఫిజిక్స్ పూనింది. రెండు టన్నుల పైచిలుకు, అంటే 2,400 కిలోల ట్రక్కు 70 మైళ్ళ వేగంలో ఉంటే, దాన్ని నిలబెట్టేటప్పుడు పుట్టే వేడితో మూడున్నర లీటర్ల పంపు నీళ్ళు మరిగించవచ్చు. వేడిలో ఎక్కువ వాటా ముందు చక్రాల రోటర్లే మింగాలి. కాగితం మీద లెక్క వేసి చూపించాను.

ఆవిడ శ్రద్ధగా చూసింది. "అంటే మీరు ఒక్కసారి ట్రక్కు ఆపితే ఇంటిల్లిపాదికీ కాఫీ అవుతుంది. ఇంట్లో మాత్రం మీ చేతుల మీదుగా ఒక్క కప్పు అవదు" అంది.

ఆ తరవాత రాత్రి తీరిగ్గా ఫోనులో ఏదో చదువుకుని నా దగ్గరకొచ్చింది. "బ్రేకు ప్యాడు కనిపెట్టిందెవరో తెలుసా? ఒకాయన పెళ్ళాం!" అంది. కాదనడానికి లేదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్త కార్ల్‌కి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైన ప్రయాణం. దారిలో ఇంధనం గొట్టం పూడుకుంటే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. తీగ ఒరుసుకుపోతుంటే మేజోడు పట్టీ చుట్టింది. చెక్క బ్రేకులు అరిగిపోతే ఒక ఊళ్ళో చెప్పులు కుట్టే అతని చేత తోలు ముక్కలు కొట్టించింది. బ్రేకు లైనింగు చరిత్ర అక్కణ్ణించే మొదలు.

"ఆవిడ ఎక్సెల్ షీటు వెయ్యలేదు" అని ముగించి దీపం ఆర్పేసింది.

ఈలోగా విజయవాడ నుంచి మా మావగారూ అత్తగారూ వచ్చారు. మావగారు ఆర్టీసీ డిపో గ్యారేజీలో పనిచేసి రిటైరయిన మనిషి. వచ్చిన మర్నాడే ట్రక్కు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "అల్లుడుగారూ, ముందు బ్రేకుల్లో జడ్డర్ వస్తోందా?" అన్నారు. ఆ వణుకు ఎలా తెలిసిందంటే ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడు పాదాలకి తెలిసిందన్నారు. నేను లాప్‌టాప్ తెచ్చి చిల్లుల రోటర్లు చూపించాను. కళ్ళజోడు పైకి జరిపి చూశారు.

"ఇది జల్లెడ కదండీ!"

గొంతులో వెటకారం లేదు, నిజంగానే ఆశ్చర్యపోయారు. పూర్వపు ప్యాడ్లు బాగా కాలితే వాయువు పుట్టేదని, అది పోవడానికి చిల్లులు పనికొచ్చేవని, ఇప్పటి ప్యాడ్లకి ఆ బెడద దాదాపు లేదని నేనే చదివాను. ఆ చిల్లుల దగ్గరే పగుళ్ళు మొదలవుతాయనీ, బరువు బళ్ళకి అవి మంచివి కావనీ కూడా చదివాను. చదివి, షీటులో ఆ కాలమ్‌ని దాచేశాను. ఎక్సెల్‌లో కాలమ్ దాచెయ్యడం ఎంత తేలికో వాడినవాళ్ళకి తెలుసు. మావగారికి ఎక్సెల్ రాదు, ఇనుము తెలుసు. "చిల్లు పొడిస్తే బలం తగ్గదా?" అన్నారు, అంతే.

అప్పుడు మా ఆవిడ అసలు ప్రశ్న వేసింది. "ఏ కొండ దిగాలనండీ మీకీ బ్రేకులు?"

మేముండే ఫ్రిస్కోలో కొండలు లేవు. అతిపెద్ద ఎత్తు టోల్‌వే మీది ఫ్లైఓవరు. నేను తడుముకుంటుంటే మావగారు అందుకున్నారు. తిరుమల మొదటి ఘాట్ రోడ్డులో నిండు బస్సు దిగేది సాదా డ్రమ్ము బ్రేకుల మీదేననీ, డ్రైవరు లోగేరులో పెట్టి ఇంజను పట్టుతో దించుతాడు గానీ పెడల్ మీద నిలబడడనీ చెప్పి, "బ్రేకు వాడకంలో ఉందండీ, అందంలో లేదు" అన్నారు. కూతురు అమ్మయ్య అన్నట్టు చూసింది. నేను కార్ట్‌లోంచి చిల్లుల రోటర్లు తీసేశాను. ఎర్ర రంగు డబ్బా మాత్రం ఇంకో రెండు రోజులు ఉంచాను, మనసొప్పక.

పాత రోటర్లని లేతు మీద పట్టించెయ్యొచ్చు కదా అని మావగారి వాదన. మన దగ్గర ఎవరైనా మొదట అదే అంటారు. ఇక్కడా ఒకప్పుడు అదే పద్ధతి, ఇప్పుడు లేతు కూలీకి కాస్త కలిపితే కొత్తదే వస్తుంది. పైగా ప్రతి రోటరు మీదా ఇంతకంటే పలచబడితే వాడకూడదని కనీస మందం పోతపోసి ఉంటుంది. కొలిస్తే మాది దాని అంచుకొచ్చేసింది. మావగారు అరిగిన గట్టు మీద గోరు పెట్టి చూసి, "సరే, ఇది అయిపోయింది" అని తీర్పిచ్చారు.

చివరికి కొనాలనుకున్నది చిల్లులూ గాట్లూ లేని సాదా రోటర్లు, మధ్యలో గాలి సందులున్నవి, తుప్పు పట్టకుండా పైన పూత వేసినవి. ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి పూత అక్కడ నిజంగా అవసరం. మాకు అంత లేదు. అయినా అదొక్కటి పట్టుబట్టి ఉంచుకున్నాను. మగవాడికి ఇంట్లో ఏదో ఒకటి నెగ్గాలి కదా. వాటికి జతగా సిరామిక్ ప్యాడ్లు, ఎఫ్ ఎఫ్, మూడు ఆకులు.

ఇంత పరిశోధన చేసి విడిభాగాల కొట్టుకి వెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు ఏ సంవత్సరం, ఏ మోడల్, ఏ ఇంజను అని అడుగుతుంటే టకటకా చెప్పాను. ఆఖరున "చక్రానికి నట్లు ఆరా, ఏడా?" అన్నాడు. ఆ తరం ఎఫ్-150ల్లో మామూలు వాటికి ఆరు నట్లు, ఎక్కువ బరువు మోసే ప్యాకేజీతో వచ్చిన వాటికి ఏడు. రోటర్లు ఒకదానివి ఒకదానికి ఎక్కవు. నా షీటులో ఘర్షణ గుణకం ఉంది, సాల్మన్ చేపలున్నాయి. నట్ల లెక్క లేదు. నేను పక్కకొచ్చి నెమ్మదిగా ఇంటికి ఫోను చేసి, "గ్యారేజీలోకెళ్ళి ట్రక్కు చక్రానికి నట్లెన్నో చూసి చెప్పు" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. "ట్రక్కు మీతోనే ఉంది కదండీ" అంది.

ఆరు.

ఒక్కో రోటరు ఇండియన్ స్టోరులో దొరికే 20 పౌండ్ల సోనా మసూరి సంచీ కంటే బరువు. అది ఎత్తినప్పుడే నా నడుము సంగతి అర్థమైపోయి, మావగారు చొక్కా విప్పి లుంగీ ఎగ్గట్టారు. డ్రైవ్‌వేలో ఆ దృశ్యం చూసి పక్కింటి టెక్సస్ పెద్దాయన కూడా వచ్చాడు. ఇద్దరికీ భాష కలవదు. ఆయన సుత్తి అందించడం, ఈయన తల పంకించడం, మధ్యలో నేను దుబాసీని. అనువదించడానికి నాకేమీ మిగల్లేదు. కాలిపరు విప్పినప్పుడు దాన్ని గొట్టం మీద వేలాడనివ్వకూడదు, గొట్టం పాడవుతుంది, ఎక్కడైనా కట్టాలి. తీగ లేదు. మావగారు అటూ ఇటూ చూసి, "అమ్మాయ్, మీ అమ్మనడిగి ఒక లంగా బొందు పట్రా" అని కేకేశారు. బెర్తా బెంజ్ మేజోడు పట్టీ చుట్టిన సంగతి చెప్పి మా అత్తగారిని ఒప్పించింది మా ఆవిడే.

మావగారు హబ్బు మీద తుప్పు వైరు బ్రష్షుతో గీకించారు. స్లైడు పిన్నులకి గ్రీజు పూయించారు. ఈ రెండు పనులూ షీటులో లేవు, వణుకు పోగొట్టినవి మాత్రం ఇవేనని నా అనుమానం. పెద్దాయన టార్క్ రెంచి తెచ్చి నట్లన్నీ ఎదురెదురుగా ఒక వరసలో 150 ఫుట్-పౌండ్లకి బిగించాడు. పోతూ పోతూ రోటర్లు చూసి, "సాదావి. మంచి పని చేశావు" అన్నాడు. నేను వినయంగా తల వంచుకున్నాను. మా ఆవిడ గుమ్మంలోంచి గొంతు సవరించుకుంది.

కొత్త ప్యాడ్లని రోటర్లకి అలవాటు చెయ్యాలి. గంటకి 30 మైళ్ళ వేగం నుంచి 5 మైళ్ళకి మెత్తగా తగ్గించడం, అరనిమిషం చల్లారనివ్వడం, మళ్ళీ అదే, ఇలా ముప్ఫై మార్లు. ప్యాడు పదార్థం రోటరంతా సమంగా ఒక పొరలా పట్టాలని ఈ తంతు. ఆదివారం తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకుని వెళ్ళాం. తంతు సగంలో ఉండగా వెనక సీట్లోంచి అత్తగారు అడిగారు, "అల్లుడుగారికి దారి తెలియట్లేదా?" అని.

వణుకు పోయింది. కాఫీ ఒలకట్లేదు. పాత రోటర్లు పారెయ్యడానికి మావగారికి మనసు రాలేదు. "మంచి పోత ఇనుమండీ" అని శుభ్రంగా తోమించి పెట్టారు. టెక్సస్ ఎండకి అత్తగారు పాటియో మీద వడియాలు పెడుతున్నారు, గాలికి బట్ట ఎగరకుండా రెండు వైపులా అవే బరువు.

ట్రక్కుకి బ్రేకులు మార్చుకోబోయేవాళ్ళకి నా మనవి. రోటర్లూ ప్యాడ్లూ ఎడమా కుడీ కలిపి జతగా మార్చండి. నిజంగా ట్రైలరు లాగేవాళ్ళయితే సెమీ మెటాలిక్ కొనండి, నాలాంటివాళ్ళయితే సిరామిక్ చాలు. చిల్లులకి పెట్టబోయే డబ్బుతో టార్క్ రెంచి కొనుక్కోండి. కొట్టుకి బయల్దేరే ముందు చక్రం నట్లు లెక్కపెట్టుకోండి. నా ఎక్సెల్ షీటు ఎవరికైనా కావాలంటే ఉచితంగా పంపిస్తాను. ఎర్ర రంగు డబ్బా కూడా ఉంది, సీలు తియ్యలేదు, సగం ధరకిస్తాను.